వేదిక మీద వణికిన మనిషి

మీ ఎదుట ఒక మనిషి వణుకుతున్నాడనుకోండి. మీరు ముందు అతని చేయి పట్టుకుని చూస్తారా, లేక అతడు ఎందుకు వణుకుతున్నాడో చుట్టూ ఉన్నవాళ్ళకు వివరించడం మొదలుపెడతారా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను సర్జన్‌ని. జీవితమంతా అదే పని చేసి రిటైరయ్యాను. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, డాక్టర్ల బోర్డులు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చునే సందుల్లో, నాకొక చిన్న నర్సింగ్ హోం ఉండేది. చలిజ్వరంతో వణికేవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను. మంచం ఇనుప కాళ్ళు నేల మీద టకటకలాడేంత వణుకు కూడా చూశాను. అయినా ఒక ఆదివారం సాయంత్రం, బోధన్‌లో, నాకు మూరెడు దూరంలో నిలబడి ఒక మనిషి అలా వణుకుతుంటే అతని మణికట్టు పట్టుకోవాలని నాకు తట్టలేదు. నా చేతిలో మైకు ఉంది.

ఈ మాటలు వైద్యం చదువుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. అంతకంటే ఎక్కువగా, మా సంఘంలోకి కొత్తగా వస్తున్న యువకుల కోసం.

మాది హేతువాదుల సంఘం. ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించేవాళ్ళం. గాలిలోంచి విభూది తీసే బాబాల చేతి వాటాన్ని పిల్లలకు నేర్పించేవాళ్ళం. ఎవరు ఏ మహిమ చెప్పినా మేం అడిగే ప్రశ్న ఒకటే: రుజువేది? ఆ సంఘంలో నాకు అప్పగించిన విషయం చురకలు. మా జిల్లాలో ఎడమ డొక్కలో వాపు కనిపిస్తే ‘బల్ల’ అంటారు. పసుపు కొమ్ము కొసను దీపం మీద ఎర్రగా కాల్చి ఆ వాపు మీద అద్దుతారు. పాలు తాగే పసిపిల్లలకు కూడా పెట్టేవాళ్ళు. ఆ పుండ్లు కుళ్ళిపోయాక నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. నేను కడిగి, కట్టు కట్టి, తిట్టి పంపేవాణ్ణి. ఆ కోపం న్యాయమైనదే. ఇవాళ కూడా అందులో ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. అయితే న్యాయమైన కోపం కూడా కళ్ళకు అడ్డం పడుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఆ రైతు వానాకాలం నాట్లు అయిపోయాక వచ్చాడు. రెంజల్ దగ్గరి పల్లె. ఒకప్పుడు చెరుకు వేసేవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరిలాగే వరికి మారి, ఏడాదిలో సగం రోజులు కాలువ నీళ్ళలో, మోకాలి లోతు బురదలో గడిపేవాడు. నడివయసు మనిషి, షుగర్ ఉంది, గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకునేవాడు. వెంట భార్య వచ్చింది, బీడీలు చుట్టే మనిషి. అంగీ లేపి చూస్తే ఎడమ పక్కటెముకల కింద మూడు గుండ్రటి కాలిన మచ్చలు. ఒకటి రసి కారుతోంది.

“ఎవడు పెట్టిండు ఇవి?” అన్నాను.

“మా మామ సారూ,” అన్నాడు రైతు. “ఏర్గట్ల కాడుంటడు. ఊరందరికీ పెడ్తడు. పైసలు గిట్ల ఏం తీస్కోడు.”

“పైసలు తీస్కోకుంటె మనిషిని కాల్చొచ్చా? ఈ కాలంల గూడ గిదేనా మీ తెలివి?”

భార్య కొంచెం ముందుకు జరిగింది. “సారూ, గవి పెట్టకముందుగాలనే ఉన్నది డొక్కల నొప్పి. జరం గూడ ఉండె. పొద్దుగూకితె సాలు, సలివెట్టి వణుకుతడు. గందుకే మా బాపు కాడికి తోల్కపోయిన.”

“నువ్వు ఆగమ్మా. నీ తండ్రిని వెనకేసుకురాకు.”

ఆమె ఆగింది. రోగి చరిత్ర ఎలా రాబట్టాలో కాలేజీలో మాకు ఏళ్ళ తరబడి నేర్పుతారు. ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏ పూట, ఎలా అని. ఆ నాలుగూ ఆమె ఒక్క ఊపిరిలో నా చేతిలో పెట్టింది. నేను పారేశాను. డొక్క మీద వేలు పెడితే రైతు మెలికలు తిరిగాడు. కాలిన చోటు కదా, నొప్పి ఉండదా అనుకున్నాను. పుండ్లకు కట్టు కట్టాను, చీము పట్టకుండా గోలీలు రాశాను, షుగర్ మాత్రలు సరిగ్గా వేసుకోనందుకు మరోసారి తిట్టాను. కడుపు స్కాన్ చేయించాలని తట్టలేదు. స్కాన్ గది పక్కనే ఉంది.

తర్వాత అడిగాను: “ఆదివారం బోధన్ల మా మీటింగున్నది. వస్తవా? నిన్ను జూసి నలుగురు బుద్ధి తెచ్చుకుంటరు.”

“నాకు మాట్లాడరాదు సారూ.”

“మాట్లాడకు. అంగీ లేపితె సాలు.”

దవాఖానలో మంచం మీద పడుకున్నవాడు, కట్టు కడుతున్న డాక్టర్ అడిగితే కాదనగలడా? మనం దాన్ని ఒప్పుకోలు అంటాం.

ఆదివారం జనం బాగా వచ్చారు. మా సంఘం కార్యదర్శి ఒక బడిపంతులు, నాకంటే చాలా చిన్నవాడు, చురుకైనవాడు. ముందు వరుసలో నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పొద్దు వాలుతుండగా నా వంతు వచ్చింది. రైతును వేదిక మీదికి పిలిచాను. వచ్చి అంగీ లేపాడు. జనంలోంచి ‘అయ్యో’ అన్న చప్పుడు లేచింది. అప్పుడే అతడు వణకడం మొదలుపెట్టాడు. ముందు చేతులు, తర్వాత దవడ, తర్వాత ఒళ్ళంతా. పైకి పట్టుకున్న అంగీ అంచు రెపరెపలాడింది.

నేను మైకులో ఏమన్నానో నాకు గుర్తుంచుకోవలసిన అవసరం లేదు. వీడియోలో ఉంది. “చూడండి! ఆ నిప్పును తలచుకుంటేనే ఈ మనిషి ఇవాళ్టికీ ఎలా వణికిపోతున్నాడో చూడండి! ఇది భయం! మూఢనమ్మకం ఒక కష్టజీవి ఒంట్లో నాటిన భయం!” చప్పట్లు మోగాయి. నాకు ఒళ్ళు పులకరించింది.

అతని భార్య కింది నుంచి దుప్పటి పట్టుకుని వేదిక అంచు దాకా వచ్చింది. “సలివెడ్తుంది ఆయినకు, కిందికి దించుండ్రి” అంది. పంతులు పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. ఆమె ఫోన్‌కు అడ్డం వస్తోంది.

ఆ రాత్రికే వీడియో ఊళ్ళకు పాకింది. రైతు రెండు మూడు రోజుల్లో నా దగ్గరికి వచ్చాడు, ఆటోలో, భార్య ఒళ్ళో తల పెట్టుకుని. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఈసారి స్కాన్ చేయించాను. ప్లీహం అంటే ఎడమ పక్కటెముకల చాటున పిడికిలంత ఉండే అవయవం. ఇతనికి అది బాగా ఉబ్బి, సీతాఫలం కోస్తే కనిపించే గదుల్లా లోపలంతా చీము గదులతో ఉంది. స్కాన్ చూస్తూ పెద్ద గదిలోకి సూది దింపి, గొట్టం పెట్టి చీము తీశాను. కొంత సీసాలో పట్టి, ఏ క్రిమి పెరుగుతుందో చూడమని ల్యాబ్‌కు పంపాను. అంతవరకూ సరిగానే చేశాను.

ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేసి “సూడోమోనాస్ లెక్క కనవడ్తున్నది సార్” అన్నాడు. నా ఆనందం చెప్పలేను. సూడోమోనాస్ కాలిన పుండ్లలో చేరే క్రిమి అని ప్రతి సర్జన్‌కూ తెలుసు. ఇంకేం కావాలి? మామ కాల్చాడు, పుండులో క్రిమి చేరింది, అదే లోపలికి పోయి చీము కట్టింది. వెంటనే పంతులుకు ఫోన్ చేసి చెప్పాను. అతడు వీడియో కింద ఆ మాట కూడా చేర్చాడు: చురకలతో కడుపులో చీము, చావుబతుకుల్లో రైతు.

చర్మం మీద పెట్టిన మూడు చురకల నుంచి ఒక క్రిమి కండరాలు దాటి, పొర దాటి, మధ్యలో దేన్నీ ముట్టకుండా ప్లీహం నడిబొడ్డులోకి ఎలా వెళ్ళిందని నన్ను నేను అడగలేదు. ఏ బాబా అయినా ఇలాంటి కథ చెప్పి ఉంటే వేదిక మీద నిలబెట్టి ఉతికి ఆరేసేవాణ్ణి. నా కథ కాబట్టి రుజువు అడగలేదు.

సూడోమోనాస్‌కు పనిచేసే జెంటామైసిన్, దానికి తోడు ఇంకొకటి మొదలుపెట్టాను. జ్వరం దిగలేదు. చీము ఊరుతూనే ఉంది. భార్య మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉండేది. “సూదులు మారుస్తరా సారూ?” అని అడిగితే, “ఓపిక పట్టమ్మా, మీ బాపు చేసిన పని ఒక్క రోజుల పోతదా?” అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను. రైతుకు ఎగశ్వాస మొదలయ్యింది.

అప్పుడు ల్యాబ్ నుంచి మైక్రోబయాలజిస్టు స్వయంగా వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి, నా కూతురి వయసుది.

“సార్, ఆ చీము ఎవరిదో ఆ పేషంటును ఒకసారి చూడొచ్చా?”

“రిపోర్టు వచ్చింది గదమ్మా. సూడోమోనాస్.”

“అది మా టెక్నీషియన్ ఫోన్లో చెప్పిండు సార్. నేనింకా సంతకం పెట్టలేదు. ఈ క్రిమి జెంటామైసిన్‌కు లొంగుతలేదు. కోలిస్టిన్‌కు కూడా లొంగుతలేదు. సూడోమోనాస్ లెక్కచెయ్యని ఆగ్మెంటిన్‌కు మాత్రం లొంగుతున్నది. అంతా ఉల్టా ఉన్నది. ఈయన వరి పొలంలో పనిచేస్తడా? షుగర్ ఉన్నదా?”

“రెండూ ఉన్నయ్.”

“జ్వరం చురకలకు ముందు వచ్చిందా, తర్వాతనా?”

“తర్వాత.”

“ఎవరు చెప్పిన్రు సార్?”

నేల మీద నుంచి జవాబు వచ్చింది. రైతు భార్య నా వైపు చూడలేదు, ఆ అమ్మాయికే చెప్పింది. “ముందుగాలనే వచ్చింది బిడ్డా. నాట్లప్పటి సంది ఉన్నది. గీ సారుకు మొదటి రోజే చెప్పిన.”

ఆ అమ్మాయి అనుమానించిన జబ్బును మెలియాయిడోసిస్ అంటారు. క్రిమి బురదలో, నిలిచిన నీళ్ళలో బతుకుతుంది. వానాకాలంలో కాలి పగుళ్ళలోంచి ఒంట్లోకి దూరుతుంది, షుగర్ ఉన్నవాడు దొరికితే దానికి పండుగ. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో గదులు కట్టుకుని కూర్చుంటుంది. పసుపు కొమ్ముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నేను “ఇంత అరుదైన జబ్బు ఎవరికి తడ్తదమ్మా” అన్నాను.

“అరుదు అనే చదువుకున్నం సార్. వచ్చిన ప్రతి చీముకు సూడోమోనాస్ అని రాస్కుంట పోతే, అరుదుగానే ఉంటది.”

పెద్ద ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆమె అనుమానాన్ని ఖాయం చేశారు. అంతకు ముందే, ఆమె మాట మీదనే ఇంజెక్షన్లు మార్చాను. ఈ క్రిమి సరైన మందుకు కూడా వెంటనే తల వంచదు. వారం దాటినా జ్వరం వస్తూ పోతూ ఉంది. చివరికి ఒక పొద్దున అతడు లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగాడు. భార్య ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి పంపేటప్పుడు గట్టిగా చెప్పాను. ఇంజెక్షన్లతో క్రిమి అణిగింది, చావలేదు. నెలల తరబడి మాత్రలు వాడాలి, మధ్యలో ఆపితే అది మళ్ళీ లేస్తుంది, ఈసారి ప్రాణం మీదికి తెస్తుంది. ప్రతి నెలా వచ్చి చూపించుకోవాలి. ఆయన దండం పెట్టాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. మనిషి బతికాడు కదా, ఇక మిగతా విషయాలు ఎవరికి కావాలి అనుకున్నాను. వీడియో సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెప్పిన రోజుకు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వస్తాడులే అనుకున్నాను. ల్యాబ్ అమ్మాయి ఒకరోజు దారిలో కనిపించి “ఆయన మాత్రలు వాడుతున్నడా సార్?” అని అడిగింది. “వాడుతనే ఉంటడు” అన్నాను. “ఎవరు చెప్పిన్రు సార్?” అంది మళ్ళీ. మర్నాడు కారు తీసి రెంజల్ వైపు బయలుదేరాను.

పల్లె మొదట్లో ఒక చాయ్ హోటల్ ఉంది. ఇల్లు ఎక్కడని అడిగాను.

“ఎవరు సార్? వణుకుడు పటేలా?” అన్నాడు ఒకడు. అతని పక్కవాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, అంగీ అంచు పైకి పట్టుకుని, దవడ ఆడిస్తూ ఒళ్ళంతా వణికించి చూపించాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరూ విరగబడి నవ్వారు.

“గిట్ల వణికిండు సార్ వీడియోల. మీరు సూడలేదా? దునియా మొత్తం సూసింది.”

ఇంకొకడు నన్ను పరీక్షగా చూశాడు. “అరె ఆగున్రా! మైకు సారే గదా గీయిన! సార్, ఒక్క సెల్ఫీ ఇయ్యుండ్రి సార్.”

ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ నాకు తెలియదు. మందులు మానేసిన నా రోగి ఇంటికి నూరు గజాల దూరంలో, అతన్ని వెక్కిరించినవాడి భుజం పక్కన నిలబడి, ఫోటోకు ముఖం పెట్టాను.

ఇంటి ముందు భార్య చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నులక మంచం మీద ఒక ముసలాయన, ఆమె తండ్రి, చురకలు పెట్టిన మనిషి. రైతు లోపల ఉన్నాడు. బయటికి రాలేదు.

“రండ్రి డాక్టర్ సాబ్,” అన్నాడు ముసలాయన. “వట్టి చేతులతోని వచ్చిన్రేంది? మైకు తేలేదా?”

“అల్లుడు మాత్రలు వేస్కుంటున్నడా?”

“బంద్ వెట్టుమన్న. బల్ల కరిగింది. నా పసుపు కొమ్ము పన్జేసింది. మీ సూదులతోని ఒళ్ళంత తూట్లు వడ్డది, గంతే.”

నాకు రక్తం మరిగింది. ఇక మొదలుపెట్టాను. బురదలో క్రిమి గురించి, రుజువు గురించి, కాల్చడం నేరమని. ఆయనేం తగ్గలేదు. ఎంతమందికి బల్ల కరిగించాడో ఊళ్ళ పేర్లతో సహా వరుసగా చెప్పుకొచ్చాడు. ఇద్దరం లేచి నిలబడ్డాం. పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి చూడసాగారు. ఎప్పటిలాగే నాకు మంచి ఊపు వచ్చేసింది.

“ఇగ సాలు!” అంది రైతు భార్య. చాట పక్కన పెట్టి లేచింది. “మీ ఇద్దరి పంచాయితి ఆయిన పొట్ట మీదనేనా? బాపూ, నువ్వు కాల్చినంక నొప్పి తక్కువ కాలే. కాలేదని నీకు తెల్సు. సారూ, మైకుల నువ్వు చెప్పింది అబద్ధం. గది నీకు గూడ తెల్సు. ఆయిన గోలీలు మానుకున్నది మా బాపు చెప్పిండని కాదు. ఎందుకు మానుకున్నడో ఎర్కేనా నీకు?”

నేను తల అడ్డంగా ఊపాను.

“గోలీలు తేవాల్నంటె నిజామాబాదు రావాలె. బస్సెక్కితె నవ్వుడే. అయినా నువ్వు చెప్పిన రోజుకు వచ్చిండు సారూ. నీ దవాఖాన్లనే కుర్చీల కూసున్నడు. పక్కోడు ఫోన్ల సూస్తుండంట, ఎవరిదో అని తొంగిసూస్తె ఈయిన మొకమే. వాడు ఫోన్ దిక్కొకసారి, ఈయిన దిక్కొకసారి సూసి నవ్విండు. లేసి ఇంటికొచ్చిండు. గంతే. ఇంట్లున్న గోలీలు గూడ తినలే.”

లోపలి చీకట్లోంచి రైతు గొంతు వినిపించింది. మొదటిసారి నాతో గట్టిగా మాట్లాడాడు.

“నేను భయపడలే సారూ. సలివెట్టింది. రాత్రిపూట మోటరు కాడికి ఒక్కన్నే పోయేటోణ్ణి. పామును తోకవట్టి ఇసిరేసేటోణ్ణి. నేను నిప్పుకు భయపడ్డనని లోకానికి చెప్తివి. నేను భయపడలే.”

ఒక మనిషి ప్రాణం పోతుందేమోనని వచ్చాను. అతడు అంతకంటే ముందు పోయినదాని గురించి మాట్లాడుతున్నాడు. దాన్ని తీసింది క్రిమి కాదు, చురకలు కాదు.

“నేను ఏం జెయ్యాలె?” అని భార్యనే అడిగాను.

“గది తీసెయ్యి. తీసేసి, అది జరమని చెప్పు. ఎట్ల అందరు సూసిన్రో గట్లనే అందరు సూడాలె.”

అక్కడి నుంచే పంతులుకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

“తీసెయ్యమంటరా? సార్, మన సంఘానికి అంత మంది చూసిన వీడియో ఇంకోటి లేదు. ఇప్పుడు తప్పయిందని చెప్తే బాబాలందరు పండుగ చేస్కుంటరు. చురకలు పెట్టుడు తప్పు కాదా?”

“తప్పే.”

“మరి ఇంకేంది సార్?”

ఆ మాటలన్నీ నావే. వాదంలో శత్రువుకు ఒక్క అంగుళం కూడా ఇవ్వకూడదని అతనికి నేర్పింది నేనే. “ఆయన వణికింది భయంతోనని మనకాడ రుజువేమున్నది?” అని అడిగాను. “రుజువు...” అని ఆ మాటే తిరిగి అన్నాడు. తర్వాత “తీసేస్త సార్” అన్నాడు. తీసేశాడు కూడా. అప్పటికే అది ఎంతమంది చేతుల్లోకి పోయిందో ఇద్దరికీ తెలుసు.

ఆ వాకిట్లోనే నిలబడి నా ఫోన్ ఆమె చేతికిచ్చి, నేను మాట్లాడింది తీయమన్నాను. ఆ రోజు వేదిక మీద ఈ రైతు వణికింది జ్వరంతోనని, డాక్టర్‌నై ఉండి నేను గుర్తించలేదని, చీముకూ చురకలకూ సంబంధం లేదని, పొలం బురదలోని క్రిమి వల్ల వచ్చిందని, ఆయన భార్య మొదటి రోజే నిజం చెబితే వినలేదని చెప్పాను. మైకులో గంటలు మాట్లాడినవాణ్ణి, ఆ నాలుగు మాటలకు రెండుసార్లు ఆగాను.

ముసలాయన పక్క నుంచి అందుకున్నాడు. “నా కొమ్ము గురించి గూడ జర మంచిగ చెప్పు.”

“చెప్పను. నీ కాల్పుతోని జబ్బు రాలే. నీ కాల్పుతోని పోలే గూడ. కాల్చుడు తప్పే.”

“సగం ఇన్సాఫ్ చేసినవ్,” అని, ఆ సగం న్యాయంతోనే సరిపెట్టుకుని ఆయన బీడీ ముట్టించాడు.

రైతు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు. నెలనెలా నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అది గొప్పతనం కాదు, నా దవాఖాన కుర్చీలో ఆయన కూర్చోలేని పరిస్థితి తెచ్చింది నేనే. స్కాన్ కోసం నా దవాఖానకు కాకుండా బోధన్‌కు వచ్చినప్పుడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపించేలా వచ్చేవాడు. మాత్రలు పూర్తి చేశాడు. చీము గదులు పూడిపోయాయి. ఇప్పుడు పొలంలోకి బూట్లు వేసుకుని దిగుతాడు, షుగర్ మాత్ర మరిచిపోడు. బాగున్నాడు. అయితే పరీక్ష కోసం అంగీ లేపమంటే ముందు తలుపు వైపు చూస్తాడు, ఎవరైనా ఫోన్ పట్టుకుని ఉన్నారేమోనని. ఆ చూపుకు నా దగ్గర మందు లేదు.

వాకిట్లో తీసిన నా రెండో వీడియోను, మొదటిది పెట్టిన చోటే పెట్టినా, చాలా కొద్దిమంది చూశారు. తప్పు ఒప్పుకునే ముసలి డాక్టర్‌ను ఎవరు చూస్తారు? మొదటిది మాత్రం ఇంకా బతికే ఉంది. ప్రతి వానాకాలం ఎవరో ఒకరు దాన్ని తవ్వి తీస్తారు. ఈ మధ్య ఒక హౌస్ సర్జన్ దాన్ని నాకే పంపాడు. “మీ స్పీచ్ అదిరింది సార్. ఆ రైతును చూస్తే కడుపు తరుక్కుపోయింది” అని రాశాడు. అతడు వైద్యం చదివినవాడు. వణుకును చూశాడు. మళ్ళీ మైకు మాటే నమ్మాడు.

మా సంఘంలో కొందరు నాతో అంటారు, ఇదంతా ఎందుకు సార్, ఉద్యమానికి నష్టం కదా అని. వాళ్ళకు చెప్పేది ఒకటే. మనం అబద్ధాలతో గెలవాలనుకుంటే ఇంత కష్టపడనక్కరలేదు. ఆ విద్యలో బాబాలు మనకంటే ఆరితేరినవాళ్ళు. రుజువు అడిగే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మన మాటకు మనం ముందు రుజువు అడుగుతామన్న షరతు మీద వచ్చింది. ఆ షరతును నేను తప్పాను. ఒక జ్వరగ్రస్తుణ్ణి నిలబెట్టి, నా వాదానికి గుంజలా వాడుకున్నాను. నా నోట వచ్చిన అబద్ధం నేను చచ్చాక కూడా తిరుగుతూ ఉంటుంది, ఆ మనిషి బతికి ఉండగా అతని ఊళ్ళో తిరుగుతూ ఉంటుంది.

దాన్ని నేనొక్కణ్ణే ఆపలేను. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. బతిమాలడం లేదు, అడుగుతున్నాను. ఫోన్ తీయండి. మీ గ్రూపుల్లో వెతకండి. చురకల గురించి ఒక డాక్టర్ మైకులో అరుస్తూ ఉంటే పక్కన ఒక రైతు అంగీ లేపి వణుకుతున్న వీడియో కనిపిస్తే, మళ్ళీ చూడకండి. తుడిచేయండి. పంపినవాడికి, అతడు మీ మిత్రుడైనా, మీ గురువైనా, మా సంఘం మనిషే అయినా, ఈ పూటే తిరిగి రాయండి: ఆయన భయపడలేదు, ఆయనకు జ్వరం, నువ్వు కూడా తుడిచేయి.